ద్రవ హైడ్రోజన్ ఓడల్లోకి వెళ్లే తమ్ముళ్లకు: పడిపోయినవాడి వెంట దిగకండి

మొన్న జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త వచ్చింది. పాతబావిలో పూడిక తీయడానికి దిగిన మనిషి ఎంత పిలిచినా పలకలేదు. చూసి వస్తానని తమ్ముడు దిగాడు. ఆ ఇద్దరి కోసం పక్క చేను రైతు దిగాడు. ముగ్గురూ పోయారు. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఇలాంటి వార్తలు మనకు కొత్త కాదు.

ఆ రోజే మిర్యాలగూడ కుర్రవాడొకడు ఫోన్ చేశాడు. మర్చంట్ నేవీ కోర్సులో ఉన్నాడు. "అన్నా, ద్రవ హైడ్రోజన్‌తో నడిచే ఓడలు వస్తున్నాయట. పేలిపోతే ఎలా?" అని భయం. పేలుడు గురించి కోర్సులో వాళ్లే చెబుతారు, నాకు భయం ఆ బావి గురించి అన్నాను. గ్యాస్ ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ తప్ప మరో ఓడ చూడని పిల్లలు కూడా ఇప్పుడు ఈ ఉద్యోగాలకు వెళుతున్నారు కాబట్టి.

ముందు సరుకు సంగతి. హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. నార్వేలో ఎంఎఫ్ హైడ్రా అనే ఫెర్రీ 2023 నుంచి ఈ ఇంధనంతో నడుస్తోంది. దాని ట్యాంకు 80 ఘనపు మీటర్లు. మన కొచ్చిన్ షిప్‌యార్డు కట్టిన పడవను 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు కానీ, అందులో వాడేది ద్రవం కాదు, ఒత్తిడితో నింపిన వాయువు. రెండింటి జాగ్రత్తలూ ఒకటే అనుకోకండి.

ట్యాంకులో, పైపుల్లో గాలి ఉండగా హైడ్రోజన్ పంపకూడదు. అందుకని ముందు నైట్రోజన్‌తో గాలిని తరిమేస్తారు. నైట్రోజన్ మైనస్ 210 దగ్గర గడ్డకట్టి వాల్వులను మూసేస్తుంది కాబట్టి, ఆ తరవాత దాన్ని కూడా హీలియంతోనో, చల్లబరచని హైడ్రోజన్ వాయువుతోనో తోసేయాలి. ఇంత నైట్రోజన్ వాడే ఓడలో అది ఎక్కడో ఒక చోట నిలుస్తుంది. నిలిచిన చోటే మన బావి.

హైడ్రోజన్ అంటే అందరికీ మంట గుర్తొస్తుంది. నైట్రోజన్ అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కదా అనే ధీమా. ఆ ధీమాయే కొంప ముంచుతుంది. ఊపిరాడటం లేదని శరీరం గోల పెట్టేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. నైట్రోజన్ నిండిన చోట మనం వదిలేది బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి ఉక్కిరిబిక్కిరి అనిపించదు. దగ్గు రాదు, వాసన ఉండదు. దాదాపు అంతా నైట్రోజనే అయితే ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోతుంది. మెట్టు మీద నుంచి జారిపడ్డాడని పైన ఉన్నవాడు అనుకుంటాడు. చెయ్యి అందిద్దామని దిగుతాడు.

ఇక్కడే మనుషులు పోతున్నారు. మొదటివాడు తెలియక పోతాడు. రెండోవాడు ప్రేమతో పోతాడు. వాడిని తప్పు పట్టడం నా వల్ల కాదు, కానీ దిగకండి. ముందు గాలిని కొలిచే మీటరు, ఆ తరవాతే మనిషి.

మన పెద్దలు బావిలోకి ముందు దీపం దించి చూసేవాళ్లు. ఆరిపోతే దిగేవాళ్లు కాదు. ఆ పద్ధతిలో ఉన్న తెలివి గొప్పది, ఓడలో మాత్రం దీపం తలపుకు కూడా రాకూడదు. దాని పని మీటరు చేస్తుంది. 2016 జూలై నుంచి అలాంటి మీటరు ఓడలో ఉండి తీరాలని అంతర్జాతీయ నియమం. ఉంటుంది సరే, బ్యాటరీ ఉందా, కాలిబ్రేషన్ (అంకెలు సరిగ్గా చూపుతోందా అని సరిచూడటం) తేదీ దాటిందా, మీరే చూడండి.

మీటరులో ముందు చూడాల్సింది ఆక్సిజన్ అంకె. 20.9 ఉండాలి. తగ్గితే ఎందుకు తగ్గిందో తేలేదాకా ఎవరూ లోపలికి వద్దు. మండే వాయువు సున్నా చూపించిందని సంబరపడకండి: ఎక్కువగా వాడే ఉత్ప్రేరక సెన్సార్ పనిచేయడానికే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ లేని చోట హైడ్రోజన్ నిండా ఉన్నా అది తక్కువే చూపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ రకానికైతే హైడ్రోజన్ అసలు కనిపించదు.

పైన, మధ్యన, కింద, మూడు చోట్లా కొలవండి. హైడ్రోజన్ ఎప్పుడూ పైకే పోతుందని బడిలో చదివాం. కానీ అప్పుడే ద్రవం నుంచి లేచిన చల్లటి ఆవిరి గాలి కన్నా బరువు, డెక్ మీద పాకుతుంది.

మిగతావి వరసగా చెబుతాను.

పగటి వెలుతురులో హైడ్రోజన్ మంట దాదాపు కనిపించదు. థర్మల్ కెమెరా లేకుండా లీకు వైపు నడవకండి.

లీకు ఆపకుండా మంట ఆర్పకండి. ఆర్పితే వాయువు పోగై పేలుతుంది.

వాయువును బయటికి వదిలే వెంట్ గొట్టం నోట్లోకి నీళ్లు కొట్టకండి. గడ్డకట్టి మూసుకుపోతుంది.

పైపు ఇన్సులేషన్ ఊడిన చోట బొట్లు పడుతుంటే నీళ్లు అనుకోకండి. అది ద్రవంగా మారిన గాలి, అందులో ఆక్సిజన్ పాలు ఎక్కువ. నూనె గుడ్డ దగ్గర ఉండకూడదు.

స్పేరు పార్టు పట్టింది కదా అని బిగించకండి. 2022 జనవరిలో ఆస్ట్రేలియాలోని హేస్టింగ్స్ రేవులో ద్రవ హైడ్రోజన్ మోసే సుయిసో ఫ్రాంటియర్ ఓడ మీద మంట ఎగిసింది తప్పు రకం కరెంటు వాల్వు వల్ల. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

నైలాన్ బట్టలు వద్దు. ఉంగరం తీసేయండి. ప్యాంటు బూటు మీదికి ఉండాలి, లోపలికి కాదు.

చలికి కాలిన చర్మాన్ని రుద్దకండి. గోరువెచ్చని నీళ్లు.

ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగే ఏజెంటును నమ్మకండి. లైసెన్సు ఉన్న ఏజెంటు ఉద్యోగానికి డబ్బు తీసుకోకూడదు.

తప్పించుకోవడానికి ఇచ్చే చిన్న ఊపిరి సంచి బయటికి రావడానికే. దాన్ని తగిలించుకుని లోపలికి దిగకండి. వడపోత మాస్కు అసలే వద్దు, లేని ఆక్సిజన్‌ను అది పుట్టించదు.

లోపల మనిషి పడ్డాడా? అలారం కొట్టండి. గొంతు చించుకుని పిలవండి. గాలి సిలిండర్ సెట్ తగిలించుకున్న జట్టు వచ్చేదాకా ద్వారం దగ్గరే ఉండండి. దిగకండి. మీ ఊరివాడైనా దిగకండి. ముందు మీటరు.

రెండు నెలలకోసారి రెస్క్యూ డ్రిల్లు చేయాలని 2015 నుంచి నియమం. కాగితం మీద సంతకం పెట్టి టీ తాగడం డ్రిల్లు కాదు.

పైఅధికారి దిగమన్నా, లోపలికి దిగడానికి రాసిచ్చే పర్మిట్ లేకపోతే దిగకండి.

పర్మిట్ గడువు అయిపోతే, లోపల ఒక్క బోల్టే మిగిలినా బయటికి రండి. కొత్త రీడింగు, కొత్త పర్మిట్, ఆ తరవాత ఆ బోల్టు.