చర్చి ఆర్గాన్ వాయిస్తూ కంపోజర్ కావాలంటే

గుంటూరులో కీర్తనలకు కీబోర్డు వాయించినదాన్ని, ఇప్పుడు ఇంగ్లండులో ఓ చిన్న ఊరి చర్చికి ఆర్గనిస్టుని. "అక్కా, ఈ లైన్లోకి ఎలా రావాలి?" అని అడిగే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు కాళ్ళ సంగతి చూసుకోండి. కీబోర్డు బాగా వచ్చినవాళ్ళకి కూడా పరువు పోయేది పెడల్స్ (కాళ్ళతో వాయించే మీటలు) దగ్గరే. పల్చటి తోలు అడుగు, కాస్త మడమ ఉన్న బూట్లు కొనుక్కోండి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో టెనర్ (మగ గొంతుల్లో పై వరుస), కాళ్ళతో బాస్ (అన్నిటికన్నా కింది వరుస) మాత్రమే వాయించండి. ఎడమచెయ్యి అలవాటుకొద్దీ బాస్ కోసం కిందికి పాకుతుంది, ఆ అలవాటు మాన్పించాలి. ఇక్కడ స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ లేదు, వేలు తీస్తే స్వరం తెగిపోతుంది. అందుకే మీట నొక్కి ఉంచే వేలు మార్చుకోవడం నేర్వాలి. చరణాల మధ్య జనానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వండి, ప్రతిసారీ అంతే ఇవ్వండి.

రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ పరీక్షలు రాస్తే మంచిది. అక్కడ సిద్ధం చేసుకున్న పీసులే కాదు, అప్పటికప్పుడు నోట్స్ చూసి వాయించడం, శ్రుతి మార్చి వాయించడం కూడా పరీక్షిస్తారు.

ఇక సంగీతం రాయడం. ఫ్రెంచ్ కంపోజర్ ఒలివియే మెస్సియాన్ 1931లో 22 ఏళ్ళ వయసులో ప్యారిస్‌లోని ట్రినిటే చర్చిలో ఆర్గనిస్టుగా చేరి, 1992లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. పెంతెకొస్తు ఆరాధన కోసం ఆయన 1950లో పూర్తిచేసిన రచన, అంతకుముందు ఏళ్ళ తరబడి ఆరాధనల్లో కల్పించి వాయించినదాన్లోంచి పుట్టింది. మీరూ ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి వాయించండి. సోమవారం వినండి, ఎనిమిది బార్లైనా (తాళం ఆవర్తనాల్లాంటివి) కాగితం మీద పెట్టండి. మిగతాది పోతే పోనీ.

శార్ఙ్గదేవుడి పాత సంగీతశాస్త్ర గ్రంథం సంగీత రత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టికను ఆ ప్యారిస్ మనిషి వెతికి పట్టుకుని ఆర్గాన్ రచనల్లో వాడుకున్నాడు. మనం మాత్రం మన తాళాలు గుమ్మం బయట వదిలేస్తామా? పెడల్స్‌లో 16 అడుగుల మెత్తని స్టాప్ (ఒక వరుస గొట్టాలను పలికించే పిడి; అడుగుల అంకె పెద్దదైతే స్వరం కింది స్థాయిది) ఒక్కటే లాగి, తకిట తకధిమి అంటూ ఏడు అక్షరాల మిశ్రచాపు తాళం నడపండి. పైన చేతుల మీటలపై 8 అడుగుల ఫ్లూట్ స్టాప్ మీద నిదానంగా ఒక కీర్తన రాగం పోనివ్వండి. నేనిలా వాయిస్తే మా వికర్ (చర్చి పాస్టరు) గారు తల కూడా తిప్పలేదు, అదే పెద్ద మెప్పు.

డబ్బు విషయానికొస్తే, చర్చి ఇచ్చేదానితో ఇల్లు గడవదు. పెళ్ళిళ్ళకీ అంత్యక్రియలకీ విడిగా ఫీజు వస్తుంది, ఎంతో ముందే మాట్లాడుకోండి. మెస్సియాన్‌కే 1941 నుంచి ప్యారిస్ కన్సర్వేటరీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఉండేది.

మీ మొదటి రచన, మీ క్వైర్‌లో నిజంగా ఉన్న గొంతుల కోసమే రాయండి. టెనర్లు ఇద్దరే ఉంటే వాళ్ళకి చెరో వరుస ఇచ్చి విడదీయొద్దు. నిడివి రెండు నిమిషాలు దాటకూడదు, కానుకల సంచి ముందు బెంచీకి తిరిగొచ్చేసరికి అయిపోవాలి.