ఓనమాల నుంచి వంట – 3వ పాఠం: సంగటి, చెనక్కాయల ఊరుబిండి

మొదటి పాఠంలో ఎసరు పెట్టి అన్నం వండాం, రెండో దాంట్లో కందిపప్పు ఉడికించి ఎనిపాం. ఆ రెండూ కనీసం మూడేసి సార్లు చేసి ఉంటేనే ఇది మొదలుపెట్టండి. చేయకపోతే తొందరేం లేదు, ఈ వారం కూడా అవే చేసుకోండి. ఎందుకంటే సంగటి అన్నం మీద నిలబడే వంట. మెతుకును రెండు వేళ్ల మధ్య నలిపి ఉడికిందో లేదో చెప్పగలిగితే సగం సంగటి వచ్చినట్టే.

"అప్పుడే సంగటా, అది పెద్దవాళ్లు చేయాల్సింది కదా" అని కొందరు అనుకుంటారు. నేను అలా అనుకోను. ఇందులో పడేవి నాలుగే: బియ్యం, రాగిపిండి, నీళ్లు, ఉప్పు. పోపు లేదు, తరగడం లేదు. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో ముద్ద విరిచి చూడగానే తెలిసిపోతుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి వంట నాకు కనపడలేదు. పైగా అనంతపురంలో ఉంటూ ఇంట్లో సంగటి చేసుకోలేక, తినాలనిపించినప్పుడల్లా హోటల్‌కి పోవడం నాకు బాధగా ఉంటుంది.

నేను పొయ్యి ముందు నిలబడింది నలభయ్యో ఏట. అమ్మ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఆరు వారాలు కట్టు. డాక్టరు రాగులు బాగా తినమన్నాడు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. తినాలి సరే, చేసేదెవరు? అమ్మ వంటింటి గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేది, నేను చేసేవాణ్ణి. ఉప్పెంతమ్మా అంటే "చాలినంత" అనేది, నీళ్లెన్ని అంటే ఎడమ చేత్తో గిన్నె మీద ఒక గీత చూపించేది. ఆమె చూపించిన ప్రతిదాన్నీ నేను గ్లాసుతో కొలిచి నోటుబుక్కులో రాసుకున్నా. ఈ పాఠాల్లో కొలతలన్నీ ఆ నోటుబుక్కులోవే. అయితే కొలత మిమ్మల్ని పొయ్యి దాకా తీసుకొస్తుంది, అక్కడి నుంచి గుర్తులు చూసుకుంటూ పోవాలి. ఈ పాఠంలో నేను నిమిషాలు చెప్పిన ప్రతిచోటా దాని పక్కనే ఒక గుర్తు కూడా చెప్తా. రెండూ కలవకపోతే గుర్తునే నమ్మండి.

నలుగురికి కావాల్సినవి చెప్తా. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి, కొలతలన్నీ దానితోనే. బియ్యం ఒక గ్లాసు, రాగిపిండి ఒక గ్లాసు, నీళ్లు ఐదు గ్లాసులు, ఉప్పు ఒక చిన్న చెంచా. దీనికి ఆరు ముద్దలు వస్తాయి. బియ్యం మెత్తగా ఉడికేవి కావాలి, రేషన్ బియ్యమైతే బాగా కుదురుతుంది. పాత సోనా మసూరి అన్నానికి బాగుంటుంది గానీ మెతుకు విడివిడిగా నిలబడి సంగటిలో కలవనంటుంది. మీ దగ్గర అదే ఉంటే ఇంకో అర గ్లాసు నీళ్లు పోసి ఇంకాసేపు ఉడకబెట్టండి. రాగిపిండి కొనేముందు చిటికెడు నోట్లో వేసుకోండి, చేదుగా ఉంటే పాతబడిపోయిందని అర్థం. రాగులు కొని పిండి మరలో ఆడించుకుని నెల లోపల వాడేసుకోవడం అన్నిటికంటే మంచిది.

కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది వంట కాదు, వరస. సంగటి అయిపోయి పప్పు పచ్చిగా ఉంటుంది, పప్పు అయ్యేసరికి సంగటి చల్లారి గట్టిపడుతుంది. కాబట్టి ఇలా పోండి: ముందు బియ్యం, పప్పు కడిగి వేర్వేరుగా నానబెట్టండి. అవి నానుతుండగా చెనక్కాయలు వేయించి చల్లారబెట్టండి. ఆ తర్వాత ఒక పొయ్యి మీద సంగటి ఎసరు, రెండో పొయ్యి మీద పప్పు. సంగటిలో పిండి వేసి మూత పెట్టాక చేతులు ఖాళీ అవుతాయి, ఊరుబిండి, అంటే చెనక్కాయల పచ్చడి, నూరుకోవడానికి అదే సమయం.

పప్పు గురించి ఒక్క మాట. పోయిన పాఠం చేసి చూసిన కొందరు పప్పు గంటసేపు ఉడికించినా పలుకు పోలేదన్నారు. మన దగ్గర బోరు నీళ్లు గట్టివి, వాటిలోని కాల్షియం పప్పును మెత్తబడనీయదు. పప్పుకు మాత్రం క్యాన్ నీళ్లు వాడి, గంట నానబెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంకోటి, చింతపండు గానీ చుక్కాకు గానీ ముందే వేశారేమో గుర్తు తెచ్చుకోండి. పులుపు పడితే పప్పు అక్కడికి ఆగిపోతుంది, అందుకే పులుపెప్పుడూ పప్పు మెత్తబడిన తర్వాతే. ఈరోజు పప్పులోకి తోటకూర వేసుకోండి, మిగతాదంతా రెండో పాఠంలో ఉన్నట్టే.

ఇప్పుడు చెనక్కాయలు. కర్నూలు వైపు బుడ్డలంటారు, తెలంగాణవాళ్లు పల్లీలంటారు, ఏ పేరుతో కొన్నా ఒక గ్లాసు విత్తనాలు తీసుకుని పళ్లెంలో పోసి ముందు ఏరండి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఒక్కటి కూడా ఉంచొద్దు. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పోదు. తర్వాత సైజు చూడండి. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే పెద్దది వేగేలోపు చిన్నది మాడిపోతుంది, ఆ మాడిన రెండు గింజలు చాలు పచ్చడంతా చేదు చేయడానికి.

మందపాటి బాణలి పెట్టి, సన్నమంట మీద, నూనె లేకుండా వేయించాలి. చెయ్యి ఆపకూడదు. మొదట నాలుగైదు నిమిషాలు ఏమీ జరగదు, మీకు మంట పెంచాలనిపిస్తుంది, పెంచొద్దు. తర్వాత ఒకటీ అరా చిట్‌మంటాయి. ఆ చప్పుడు దగ్గర దగ్గరగా వస్తున్నప్పుడు ఒక గింజ తీసి ఊది పొట్టు నలపండి. పొట్టు తేలిగ్గా ఊడొచ్చి, లోపల పప్పు తెలుపు పోయి లేత గోధుమ రంగు తిరుగుతూ ఉంటే చాలు. కొరికితే ఇంకా కొంచెం మెత్తగా ఉన్నట్టుంటుంది, అది చల్లారాక కరకరలాడుతుంది. మొత్తం పది నిమిషాల లోపే. వెంటనే పళ్లెంలోకి ఒంపేయండి, పొయ్యి ఆపి బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. చల్లారాక అరచేతుల మధ్య నలిపి పొట్టు చెరిగేయండి, కొంచెం పొట్టు మిగిలినా పర్వాలేదు.

అదే బాణలిలో నాలుగు చుక్కల నూనె వేసి ఎనిమిది ఎండుమిరపకాయలు వేయించండి. అవి ఉబ్బి మెరుస్తాయి, అక్కడే తీసేయాలి. నల్లబడితే పారేసి మళ్లీ వేరేవి వేయించుకోండి. ఉసిరికాయంత చింతపండు కొంచెం వేడినీళ్లలో నానబెట్టి, ఐదు వెల్లుల్లి రెబ్బలు, ఒక చిన్న ఉల్లిగడ్డ, ముప్పావు చెంచా ఉప్పు దగ్గర పెట్టుకోండి. నూరడం తర్వాత.

సంగటికి వద్దాం. మందపాటి, లోతైన గిన్నె కావాలి, పలచటి గిన్నె అడుగంటుతుంది. ఐదు గ్లాసుల నీళ్లు మరిగాక నానిన బియ్యం వంపి వేయండి, ఉప్పు వేయండి, మూత ఓరగా పెట్టి మధ్యస్తం మంట మీద ఉడకనివ్వండి. మామూలు అన్నమైతే మెతుకు ఉడకగానే దించేస్తాం. ఇక్కడ అలా కాదు, మెతుకు పగిలి, అంచులు విచ్చుకుని, గరిటెతో వత్తితే గంజిలో కలిసిపోవాలి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అప్పటికి అన్నం మీద ఒక వేలెడు గంజి నిలబడి ఉండాలి. నీళ్లు ఇగిరిపోయి ఉంటే వేడినీళ్లే పోయండి, చన్నీళ్లు పోయొద్దు.

మంట బాగా తగ్గించండి. రాగిపిండి మొత్తం ఒకేసారి గిన్నె మధ్యలో కుప్పగా పోయండి. పోసి ఊరుకోండి. కలపొద్దు.

ఇక్కడే నేను మొదటిసారి తప్పు చేశా. పిండి పోయగానే కంగారుగా తిప్పేశా. పైకి బాగానే కనిపించింది, ముద్దలు చేసి పళ్లాల్లో పెట్టా. మా అమ్మాయి ముద్ద విరిస్తే మధ్యలోంచి పొడి పిండి పొగలా రాలింది. అమ్మ ఆ ఉండను వేళ్లతో చిదిపి చూపించింది: చుట్టూ జిగురు పొర, లోపల తడి కూడా తగలని పిండి. వేడి గంజి తగలగానే పిండి పైపొర ఉడికి జిగురైపోతుంది, ఆ జిగురు లోపలికి నీళ్లను పోనివ్వదు. "తొందరపడకు నాయనా, పిండిని మగ్గనీ, అప్పుడు అదే కలుస్తుంది" అంది.

మగ్గనివ్వడం ఎలాగంటే, సంగటి కెలికే కట్టె వెనక భాగంతో కుప్ప మధ్యలో అడుగు దాకా ఒక గుంత చేయండి. ఆ గుంతలోంచి గంజి బుడగలు బుడగలుగా పైకి వచ్చి పిండి మీద పరుచుకుంటుంది. మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేయండి. గుర్తేమిటంటే, మూత తీసినప్పుడు తెల్లటి పొడి పిండి ఎక్కడా కనిపించకూడదు, కుప్ప అంతా ముదురు రంగు తిరిగి చెమ్మగా ఉండాలి, పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన రావాలి. అక్కడక్కడా తెల్లగా ఉంటే ఇంకో రెండు నిమిషాలు.

ఈ ఏడెనిమిది నిమిషాల్లోనే ఊరుబిండి. రోలుంటే రోట్లో, లేకపోతే మిక్సీలో, ముందు మిరపకాయలు, ఉప్పు, చింతపండు నూరండి. తర్వాత చెనక్కాయలు వేసి ఆపి ఆపి తిప్పండి, ఏకధాటిగా తిప్పితే నూనె వదిలి ముద్దకట్టిపోతుంది. పలుకు పంటికి తగలాలి. రెండు మూడు చెంచాల నీళ్లు చిలకరించి వెల్లుల్లి, చివర్లో ఉల్లిగడ్డ వేసి ఒక్కసారి కచ్చాపచ్చాగా తిప్పి తీసేయండి. పోపు అక్కర్లేదు.

ఇప్పుడు పొయ్యి ఆపి గిన్నెను కదలని చోట పెట్టండి. ఇంట్లో ఇంకొకరుంటే మసిగుడ్డలతో రెండు పక్కలా గట్టిగా పట్టుకోమనండి. సంగటి చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి, పొరపాటున పడితే వెంటనే కొళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. కట్టె అడుగు దాకా దించి, మధ్యలోంచి అంచులకు, అంచుల నుంచి మధ్యకు కెలకండి. మొదట బరువుగా, చెయ్యి లాగేసినట్టుంటుంది. ఉండలు కనిపిస్తే గిన్నె గోడకేసి కట్టెతో నలపండి. గోధుమపిండిలో ఉండే సాగే గుణం రాగుల్లో లేదు, రెంటినీ పట్టి ఉంచేది ఆ మెత్తటి అన్నం జిగురే, అందుకే మెతుకు, పిండి వేరుగా కనిపించనంత వరకు కెలకాలి. మరీ గట్టిగా ఉంటే వేడినీళ్లు చిలకరించండి, జారుగా ఉంటే మూత పెట్టి సన్నమంట మీద ఇంకాస్త ఉంచండి. అంతా కలిశాక ఎలాగూ ఇంకో రెండు నిమిషాలు సన్నమంట మీద మూతపెట్టాలి.

తడి వేలితో పైన తాకి చూడండి. అంటుకోకపోతే అయింది. అంటుకుంటే ఇంకా పచ్చిగా ఉంది.

ముద్దలు వేడి మీదే చేయాలి. చిన్న గిన్నెను నీళ్లతో తడిపి, అందులోకి ఒక గరిటె సంగటి వేసి గుండ్రంగా ఆడిస్తే దానంతటదే ముద్దవుతుంది. కొత్తగా చేసేవాళ్లు నేరుగా చేత్తో పట్టుకోకండి, అమ్మకు ఉన్నంత ఓపిక మన అరచేతులకు ఉండదు. ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి వేసి, పక్కన ఊరుబిండి, తోటకూర పప్పు పెట్టండి. చిన్న చిన్న తునకలు తుంచి పప్పులో అద్ది మింగడమే, నమిలితే పళ్లకు అంటుకుంటుంది, రుచి కూడా తెలియదు.

మిగిలిన ముద్దలు పారేయకండి. రాత్రి చల్లారాక గిన్నెలో వేసి మునిగేదాకా నీళ్లు పోసి మూత పెట్టండి. పొద్దున ఆ నీళ్లలోనే చిదిపి, మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ కలుపుకుని తాగితే ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం దాకా ఆకలీ దాహం రెండూ తెలియవు. మా అమ్మ చెయ్యి బాగయ్యాక కూడా పొద్దున్నే అడిగేది ఇదే.

ఈ వారంలో రెండుసార్లు చేయండి. ప్రతిసారీ రెండు సంగతులు రాసిపెట్టుకోండి: పిండి పోసేటప్పుడు గంజి ఎంత ఉంది, మూత తీశాక పిండి ఎలా కనిపించింది. సంగటి బాగా వచ్చినా రాకపోయినా కారణం ఆ రెంటిలోనే దొరుకుతుంది. నాకు కుదిరింది నాలుగోసారి.

వచ్చే పాఠం ఉగ్గాని. పావు కిలో బొరుగులు, పచ్చిమిరపకాయలు, పుట్నాలపప్పు, ఒక నిమ్మకాయ తెచ్చిపెట్టుకోండి. బొరుగులు కొనేటప్పుడు ఒకటి వేళ్ల మధ్య నలిపి చూడండి, చప్పుడు చేస్తూ విరగాలి.