ఫిక్స్‌డ్ గేర్ సైకిలా? మొదట వెనుక స్ప్రాకెట్ మార్చండి

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ (వెనుక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి, వాటిని కాళ్లతో బిగబట్టి కూడా ఆపొచ్చు) కొనగానే రంగు రంగుల రిమ్ముల మీదికి మనసు పోతుంది. నాదీ అలాగే పోయింది. ఆ డబ్బు కాస్త ఆపి, మొదట స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) పళ్లు లెక్కపెట్టండి.

నా బండికి ముందు 48, వెనుక 16 పళ్లు ఉండేవి. చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరిగితే పెడల్ ఒక చుట్టు. అంటే ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి చక్రాన్ని బిగబట్టి జారిస్తే, ప్రతిసారీ టైరులో అదే చోటు రోడ్డుకు రాసుకుంటుంది. మిగతా టైరు కొత్తదిలా మెరుస్తుంటే, ఆ ఒక్కచోట మాత్రం రబ్బరు అరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. వెనుక 17 పళ్లది వేయించాక ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంది. తొక్కడం కూడా కొంచెం తేలికైంది. ఒక్క పన్నే పెరిగింది కాబట్టి పాత చైన్ చాలింది. చక్రాన్ని సుమారు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిపి బిగించాను.

వెనుక స్ప్రాకెట్ ఊడకుండా పట్టి ఉంచే లాక్‌రింగ్‌కు ఎడమవాటం మర ఉంటుంది, విప్పడానికి మామూలు దిశలో తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా దానితో కుస్తీ పట్టాను.

తర్వాత పాదాలు జారకుండా పెడల్ పట్టీలు, ఆ తర్వాత మంచి టైర్లు. హ్యాండిల్ చివరికి చూసుకోవచ్చు. ముందు బ్రేకు మాత్రం, అందం చెడుతుందని ఎవరు చెప్పినా, తీసేయకండి. చైన్ ఊడితే కాళ్లతో ఆపలేరు.