చైనా నుంచి వలస వచ్చిన అమ్మానాన్నల ఇంటికి మళ్ళీ చేరినప్పుడు

నా భర్త తల్లిదండ్రులది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం. అమెరికాకు వలస వచ్చి, లాస్ ఏంజిల్స్‌కు తూర్పున ఉన్న శాన్ గేబ్రియల్ లోయలో స్థిరపడ్డారు. మాంటెరీ పార్క్, అల్‌హాంబ్రా, శాన్ గేబ్రియల్, రోజ్‌మీడ్ ఊళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఆ ప్రాంతంలో బ్యాంకు దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా చైనా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. పెళ్ళయిన కొత్తలో మేము రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాము. మా ఆడపడుచు కాలేజీ చదువు ముగించుకుని, ఉద్యోగం దొరికేదాకా అని చెప్పి, ఆ రోజుల్లోనే తిరిగివచ్చింది. అమెరికాలో ఇది అరుదైన సంగతి కాదు. 2020 జులైలో 18 నుంచి 29 ఏళ్ళ వయసువారిలో 52 శాతం మంది తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నారని ప్యూ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది.

ఆ రెండేళ్ళలో మా ఆడపడుచు పడిన ఇబ్బందులను, నేను చేసిన పొరపాట్లను, మేమిద్దరం కనిపెట్టుకున్న మార్గాలను ఇక్కడ రాస్తున్నాను. అలాంటి ఇళ్ళకు కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వెళ్తున్న తెలుగు పిల్లలకు ఇది పనికివస్తుంది. చదువు ముగించి ఇంటికి వచ్చిన ఆ ఇంటి పిల్లలకైతే దీన్ని ఎవరైనా చదివి ఇంగ్లీషులో చెప్పవచ్చు. నాకు అర్థమైనది ఒక్కటే: ఆ ఇంట్లో ప్రేమ, బెంగ, కోపం మూడూ మాటల్లో కాకుండా తిండిలోనూ పనిలోనూ బయటపడతాయి కాబట్టి, వాటికి జవాబు కూడా తిండిలోనూ పనిలోనూ ఇవ్వడం నేర్చుకోవాలి.

గుమ్మం దగ్గర

చెప్పులు బయట విడిచి, ఇంట్లో తిరిగే స్లిప్పర్లు తొడుక్కోవాలని మనకు వేరే చెప్పనక్కరలేదు. అయితే చల్లని నేల మీద ఉత్త కాళ్ళతో తిరిగితే ఒంట్లోకి చలి ఎక్కుతుందని మా అత్తగారి గట్టి నమ్మకం కాబట్టి, స్లిప్పర్లు లేకుండా కనిపించడం కూడా తప్పే అవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది పలకరింపు. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఉన్న పెద్దలను ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలవాలి. ఆ ఇంటి భాష అయిన కాంటనీస్‌లో దీన్ని ‘గియూ యన్’ అంటారు, అంటే మనిషిని పిలవడం. అందరికీ కలిపి ఒక్క ‘హాయ్’ చెబితే పలకరించినట్టు లెక్క కాదు. నాయనమ్మ వేరు, అమ్మమ్మ వేరు. తండ్రికి అన్న వేరు, తమ్ముడు వేరు. తల్లికి అన్నదమ్ములైన వారు మళ్ళీ వేరు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు ఈ వరసల దగ్గరే తడబడతారు. పెద్దనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని అన్న తేడాలతో పెరిగిన మనకు మాత్రం ఇది సులభం. మా ఇంట్లో ఈ వరసల పట్టికను ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని, ఎదురుగా కాంటనీస్ మాట రాసుకున్నాను. ఒక వారంలో అవి నోటికి వచ్చేశాయి.

ఇక్కడే మరో జాగ్రత్త అవసరం. చైనా వాళ్ళందరి భాష ఒకటి కాదు. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ కుటుంబాలు ఎక్కువగా కాంటనీస్ మాట్లాడతాయి, తైవాన్ నుంచి, ఉత్తర చైనా నుంచి వచ్చినవారు మాండరిన్ మాట్లాడతారు, ఫూజియన్ రాష్ట్రపు వారి భాషలు మళ్ళీ వేరు. రాతలో కూడా హాంకాంగ్, తైవాన్‌లలో పాత సంప్రదాయ అక్షరాలు వాడతారు, చైనా ప్రధాన భూభాగంలో సరళీకరించిన అక్షరాలు వాడతారు. మీ ఇల్లు వీటిలో ఏదో ముందుగా తెలుసుకోకుండా ఫోనులో మాండరిన్ పాఠాలు మొదలుపెడితే, ఆరు నెలల శ్రమ తర్వాత కూడా అత్తగారితో నాలుగు మాటలు కలవవు.

వంటిల్లు, భోజనం

వంటింట్లో డిష్‌వాషర్ ఉంటుంది, కానీ చాలా ఇళ్ళలో అది గిన్నెలు ఆరబెట్టుకునే అర మాత్రమే. ఓవెన్‌లో మూకుళ్ళు, పళ్ళేలు దాచి ఉంటాయి కాబట్టి లోపల చూడకుండా వెలిగించవద్దు. వాటిని ‘సరిగ్గా’ వాడడం నేర్పాలని మా ఆడపడుచు మొదటి నెలలో చాలా ప్రయత్నించింది. ఆ ప్రయత్నం మానేసి, భోజనాలయ్యాక తనే గిన్నెలు కడగడం మొదలుపెట్టిన రోజు నుంచి వంటింట్లో సగం గొడవలు తగ్గాయి.

భోజనం ఆ ఇంటి గడియారం. “తిన్నావా?” అన్న ప్రశ్న అక్కడ కుశలప్రశ్న, మన ఊళ్ళలో లాగే, దానికి నిజంగా తిన్నారో లేదో చెప్పి ఊరుకోకుండా, “తిన్నాను, మీరు తిన్నారా?” అని తిరిగి అడగాలి. రాత్రి భోజనానికి ఇంటికి వస్తారో రారో మధ్యాహ్నంలోపే చెప్పడం అన్నిటికన్నా పెద్ద మర్యాద. ఆ ఇంటి తల్లి సాయంత్రం నాలుగింటికి చేపను ఎన్ని ముక్కలు కోయాలో లెక్క వేసుకుంటుంది. ఏడింటికి “బయట తినేశాను” అని సందేశం పంపితే ఆ చేప వృథా అయిందని కాదు, మనిషి లెక్కలోంచి తప్పిపోయినట్టు బాధపడుతుంది. బల్ల దగ్గర పెద్దలు గిన్నె అందుకునేదాకా ఆగి, “నాన్నా తినండి, అమ్మా తినండి” అని పిలిచి తర్వాత తినడం కాంటనీస్ ఇళ్ళలో పాత పద్ధతి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చవద్దు. చనిపోయినవారికి వెలిగించే అగరుబత్తీలను అది గుర్తుకు తెస్తుంది.

రెండు మూడు గంటలు సన్నని మంట మీద కాగే పులుసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పంది ఎముకలు, తామర దుంప, ఎర్ర ఖర్జూరాల వంటి పండ్లు వేసి చేసే ఈ నీళ్ళ పులుసును తల్లి తెచ్చి మీ గది బల్ల మీద పెట్టిందంటే, పొద్దున జరిగిన మాటపట్టింపు ముగిసిందని అర్థం. క్షమించమన్న మాట ఆమె నోటి నుంచి రాకపోవచ్చు. కోసిన పండ్ల పళ్ళెం కూడా అంతే. ఆ సమయంలో “ఇప్పుడు ఆకలి లేదు” అనడం, చేయి చాచిన మనిషికి వీపు చూపించడమే. రెండు గుక్కలైనా తాగి, ఖాళీ గిన్నెను మీరే కడిగి పెట్టండి.

శాకాహారులకు ఒక మాట. “మాంసం తినను” అంటే సరిపోదు, ఎందుకంటే ముక్కలు తీసేసిన పులుసు, ఎండురొయ్యలు, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ చాలామంది దృష్టిలో మాంసం కిందికి రావు. “నేను జాయ్ తింటాను” అని చెప్పండి. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున బౌద్ధులు చేసే శాకాహార నియమాన్ని కాంటనీస్‌లో జాయ్ అంటారు. మన ఏకాదశి నియమం లాగా అది వాళ్ళకు గౌరవమైన మాట. జాయ్‌లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కనుక, అవి తినేవారైతే ఆ సంగతి విడిగా చెప్పాలి. మా అత్తగారు నాకోసం ఒక చిన్న మూకుడు కేటాయించారు, దాన్ని మరెవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఒంటికి వేడి చేయడం, చలవ చేయడం అన్న ఆలోచన వాళ్ళకూ ఉంది. వేపుళ్ళు, లీచీ పండ్లు వేడి. చామంతి టీ, పెసల పాయసం, బూడిద గుమ్మడి చలవ. పుట్టినప్పటి నుంచి ఈ మాటలు వింటూ మూఢనమ్మకమని విసుక్కునే కొడుకు, కూతురు కన్నా, “మా అమ్మ కూడా ఇదే అంటుంది” అన్న కోడలు వాళ్ళకు త్వరగా దగ్గరవుతుంది. ఇది నా అనుభవం.

డబ్బు

ఉద్యోగం వచ్చాక అద్దె ఇస్తానని అనకండి. అద్దె బయటివాళ్ళు ఇచ్చేది. హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్ కుటుంబాల్లో సంపాదించే పిల్లలు నెలనెలా తల్లి చేతికి ఇచ్చే డబ్బుకు ‘గా యుంగ్’ అని పేరుంది, ఇంటి ఖర్చు అని దాని అర్థం. మొత్తం ఎంత అన్నదానికన్నా, జీతం వచ్చిన వారంలోపు, ఎవరూ అడగకముందే ఇవ్వడం ముఖ్యం. మొదట్లో వద్దంటారు. రెండు మూడుసార్లు వద్దన్నాక తీసుకుంటారు. అసలే తీసుకోకపోతే కరెంటు బిల్లు మీ ఖాతా నుంచి కట్టేయండి. కొందరు తల్లులు ఆ డబ్బును ఖర్చుపెట్టకుండా దాచి, పిల్లల పెళ్ళికో ఇంటికో తిరిగి ఇస్తారు. మా ఆడపడుచు డబ్బును అలాగే దాచారని మాకు చాలా తర్వాత తెలిసింది.

కొత్త సంవత్సరానికి ఇచ్చే ఎర్ర కవర్ల విషయంలో నేను పెద్ద పొరపాటు చేయబోయాను. పెళ్ళయినవారు ఇవ్వాలి, పెళ్ళికానివారు ఎంత వయసువారైనా పుచ్చుకోవాలి. అందువల్ల నాకన్నా రెండేళ్ళే చిన్నదైన ఆడపడుచుకు కూడా నేను కవరు ఇవ్వాలి. 116, 1116 రూపాయలు చదివించే అలవాటు కొద్దీ 20 డాలర్లకు ఒక డాలరు కలిపి పెట్టాను. బేసి సంఖ్య చావు ఇళ్ళలో ఇచ్చే డబ్బుకు చెల్లుతుందని నా భర్త చూసి ఆపకపోతే, పండగ పూట ఆ ఇంటి మనసు కష్టపెట్టేదాన్ని. సరి సంఖ్య పెట్టండి, నాలుగు మాత్రం రానివ్వకండి. ఆ అంకె పలికే తీరు చావు అన్న మాటను పోలి ఉంటుంది. రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో తీసుకోవాలి, ఇచ్చినవారి ముందు విప్పకూడదు.

తలుపు, రాకపోకలు

కాలేజీలో నాలుగేళ్ళు స్వతంత్రంగా ఉండి వచ్చినవారికి, తట్టకుండా తలుపు తీసే తల్లి పెద్ద సమస్య. గడియ పెట్టుకుంటే ఇంకా అనుమానం, బెంగ పెరుగుతాయి. మా ఆడపడుచు చివరికి చేసిన పని ఇది: అడగకముందే చెప్పడం. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగివస్తాను అన్న మూడు సంగతులు వీచాట్ అనే ఫోను యాప్‌లో, కుటుంబ గ్రూపులో పెట్టేది. ఆలస్యమైతే మరో వాక్యం. నెల తిరిగేసరికి ప్రశ్నలు తగ్గాయి, మరి కొన్నాళ్ళకు తలుపు తట్టడం కూడా మొదలైంది. ఇది లొంగిపోవడమని ఆమె స్నేహితులు అన్నారు. నేను ఒప్పుకోను. తెలియకపోవడం వల్ల పుట్టే భయాన్ని తీసేస్తే, మిగిలే అధికారం చాలా కొద్దిది.

అన్నీ చెప్పవలసిన పని లేదు. అమెరికాలో 26 ఏళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో ఉండవచ్చు, కానీ చికిత్స వివరాల కాగితాలు బీమా ఎవరి పేరున ఉందో వారికి పోస్టులో వెళ్ళే అవకాశం ఉంది. అవి మీకే పంపమని బీమా సంస్థను కోరే హక్కు కాలిఫోర్నియాలో ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళే సంగతిని మీరే, మీకు వీలైన రోజున చెప్పాలనుకుంటే, ముందుగా ఆ కోరిక రాతపూర్వకంగా పంపండి.

ఉత్తరాలు, ఆసుపత్రులు

ఇంటికి తిరిగివచ్చిన మర్నాడే మీ ముందు ఇంగ్లీషు ఉత్తరాల కట్ట పడుతుంది. చిన్నప్పటి నుంచి బ్యాంకుకూ బడికీ తల్లిదండ్రుల తరఫున మాట్లాడిన పిల్లలకు ఇది పాత అలసట. దీనికి ఒక వేళ కేటాయించండి. మా ఇంట్లో ఆదివారం పొద్దున టీ అయ్యాక ఒక గంట. మామగారు ఉత్తరాలను ఒక బిస్కట్ డబ్బాలో వేసి ఉంచేవారు, ఆడపడుచు ఒక్కొక్కటి చదివి, పక్కన తేదీ రాసి, ఆయన చేతనే సంతకం పెట్టించేది. వాళ్ళ పని మనమే చేసేయకుండా వాళ్ళతో చేయించడంలో గౌరవం ఉంది.

ఆసుపత్రికి మాత్రం మీరు దుబాసీగా వెళ్ళకండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని అమెరికా చట్టం చెబుతోంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘చైనీస్’ అని ఊరుకోకుండా ‘కాంటనీస్’ అనో ‘మాండరిన్’ అనో స్పష్టంగా అడగండి. మా మామగారికి పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున ఒక ఆసుపత్రిలో మాండరిన్ దుబాసీని పంపారు, ఆయన అర్థమైనట్టు తల ఊపి ఇంటికి వచ్చేశారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మాకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. మీరు పక్కన ఉండండి, రాసుకోండి, చేయి పట్టుకోండి. భయంకరమైన వార్తను తండ్రికి కూతురి నోటితో చెప్పించే పని ఆ బిడ్డ మీద పెట్టకూడదు.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్దవయసువారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరడానికి 65వ పుట్టినరోజు వచ్చే నెలకు ముందు మూడు నెలలు, ఆ నెల, తర్వాత మూడు నెలలు, అంటే మొత్తం ఏడు నెలల గడువు ఉంటుంది. పౌరసత్వ పరీక్షకు ఇంగ్లీషు రాదని వెనకాడే తల్లిదండ్రులు, 50 ఏళ్ళు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు, లేదా 55 ఏళ్ళు దాటి 15 ఏళ్ళు అమెరికాలో ఉన్నవారైతే, పౌరశాస్త్రం ప్రశ్నలకు తమ భాషలోనే జవాబు చెప్పవచ్చు. ఈ సంగతి తెలియక మా అత్తగారు చాలాకాలం దరఖాస్తు పెట్టలేదు.

వేరే ఇంటికి మారేటప్పుడు

ఉద్యోగం దొరికి, గది చూసుకున్నాక, చెప్పే వరస కూడా ముఖ్యం. ముందు తల్లికి, వంటింట్లో, పని చేస్తూ ఉండగా చెప్పండి. తండ్రికి ఆమె చెబుతుంది. ఎంత దూరమో, ఇంటికి వారంలో ఏ రోజు వస్తారో ఆ మాటతో పాటే చెప్పాలి. బియ్యం కుక్కరు, ఒక సంచి బియ్యం, గడ్డకట్టించిన పులుసు డబ్బాలు కారులో పెడతారు. చోటు లేదనకండి. ఆ డబ్బాలను కడిగి ఆదివారం తిరిగి తెచ్చేటప్పుడు, వాటితో పాటు ఒక సంచి నారింజ పండ్లు పట్టుకెళ్ళండి.