కంట్రోలర్లు, పైలట్ల మధ్య డేటాలింక్ సందేశాలు: అమలు తొలినాళ్ల సమస్యలు, పరిష్కారాలు

రేడియోలో మాట్లాడటానికి బదులు కంట్రోలర్, పైలట్ తెరమీద సందేశాలు పంపుకొనే సీపీడీఎల్‌సీ వ్యవస్థను ఒక విమాన నియంత్రణ కేంద్రంలో కొత్తగా ప్రవేశపెట్టినప్పుడు, ఏ చిక్కు వచ్చినా ముందుగా నెట్‌వర్క్‌నే తప్పుపట్టడం పరిపాటి. నా అభిప్రాయంలో మొదట చూడవలసింది ఫ్లైట్ ప్లాన్‌ను. అక్కడ తప్పు లేదని తేలిన తరువాతే యాంటెన్నాల వైపు చూడాలి.

సమస్య: లాగాన్ తిరస్కరణకు గురవుతోంది.

విమానం నుంచి లాగాన్, అంటే డేటాలింక్‌లో చేరడానికి పంపే అభ్యర్థన, వచ్చినప్పుడు నేలమీది వ్యవస్థ అందులోని ఫ్లైట్ గుర్తింపును, విమానం రిజిస్ట్రేషన్‌ను, 24 బిట్ల చిరునామాను (ఆ విమానానికి కేటాయించిన ప్రత్యేక సంకేతాన్ని) తన దగ్గరున్న ఫ్లైట్ ప్లాన్‌తో పోల్చి చూస్తుంది. ప్లాన్‌లో సంస్థ సంకేతం తరువాత 45 అని ఉండి, పైలట్ తన కంప్యూటర్‌లో 045 అని కొడితే మనిషికి అవి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం కావు. చివరి నిమిషంలో విమానాన్ని మార్చి, ప్లాన్‌లో పాత రిజిస్ట్రేషన్‌ను అలాగే వదిలేసినా ఇదే ఫలితం వస్తుంది. విమానం ఒక దేశపు రిజిస్టర్ నుంచి మరొక దేశపు రిజిస్టర్‌లోకి మారినప్పుడు 24 బిట్ల చిరునామా కూడా మారుతుంది కనుక, సంస్థ ప్లానింగ్ విభాగం ఆ వివరాన్ని సవరించకపోతే ప్రతి ప్రయాణంలోనూ లాగాన్ విఫలమవుతూనే ఉంటుంది.

పరిష్కారంగా, పైలట్ అంకెకు ముందు అదనంగా చేర్చిన సున్నాలు తీసివేసి, ప్లాన్‌లో ఉన్నది ఉన్నట్టుగా కొట్టి మళ్లీ లాగాన్ చేయాలి. రిజిస్ట్రేషన్ మారి ఉంటే విమాన సంస్థ సవరణ సందేశం పంపాలి. లాగాన్ ఏ కేంద్రానికి పంపుతున్నారో దాని నాలుగక్షరాల చిరునామానూ పైలట్ సరిచూసుకోవాలి. అమెరికాలో దేశమంతటికీ కేయూఎస్ఏ అనే ఒకే చిరునామా ఉండటం ఈ తప్పును చాలావరకు తగ్గించే ఏర్పాటు.

సమస్య: సరిహద్దు దాటగానే కనెక్షన్ పోతోంది.

విమానం ఒక సమయంలో ఒకే కేంద్రం ఆదేశాలను స్వీకరిస్తుంది. తరువాతి కేంద్రం ఏదో ప్రస్తుత కేంద్రం ముందే విమానానికి తెలియజేయాలి; ఆ సందేశం చేరకముందే తరువాతి కేంద్రం కనెక్షన్ కోరితే విమానం నిరాకరిస్తుంది. మరొక కారణం ఇంతకన్నా సూక్ష్మమైనది. ఫాన్స్ అనే డేటాలింక్ ప్రమాణానికి చెందిన పరికరాలున్న విమానంలో ఏదైనా సందేశానికి జవాబు ఇవ్వకుండా మిగిలి ఉండగా ప్రస్తుత కేంద్రం ముగింపు సందేశం పంపితే, పాత కనెక్షన్‌తో పాటు కొత్తది కూడా తెగిపోవచ్చు. అందువల్ల బదిలీకి ముందు కంట్రోలర్ తన తెరమీద జవాబు రాని సందేశాలేవీ లేవని చూసుకోవడాన్ని అలవాటుగా మార్చాలి. అప్పటికీ కనెక్షన్ మారకపోతే, పైలట్ తరువాతి కేంద్రానికి స్వయంగా లాగాన్ చేయాలి.

సమస్య: గగనంలో ఉండగానే కనెక్షన్ దానంతటదే తెగిపోతోంది.

ఇక్కడ మాత్రం నెట్‌వర్క్‌ను అనుమానించడం సబబే. యూరప్ అనుభవం దీనికి ఉదాహరణ. అక్కడ 29/2009 నిబంధన ద్వారా డేటాలింక్‌ను తప్పనిసరి చేశారు. కానీ విమానానికి, నేలకు మధ్య సుమారు ఆరు నిమిషాలు సంబంధం లేకపోతే వ్యవస్థ తనంతట తానే కనెక్షన్‌ను రద్దు చేసే ఘటనలు మితిమీరడంతో, గడువును కేంద్రాలకు 2018 ఫిబ్రవరికి, విమానాలకు 2020 ఫిబ్రవరికి వాయిదా వేశారు. అక్కడ ఈ సందేశాలను మోసే వీడీఎల్ మోడ్ 2 అనే రేడియో లింకు వేగం సెకనుకు 31.5 కిలోబిట్లు మాత్రమే. దానిమీదే విమాన సంస్థల సొంత సందేశాలు కూడా నడుస్తాయి. ఆ రద్దీ అంతా 136.975 మెగాహెర్ట్జ్ అనే ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పడితే, ఒకరి ప్రసారం మరొకరికి వినబడని విమానాలు ఒకేసారి పంపిన సందేశాలు ఢీకొని పాడవుతాయి. రద్దీని పలు ఫ్రీక్వెన్సీలకు పంచడం, విమానాల్లోని రేడియో సాఫ్ట్‌వేర్‌ను అందుకు తగినట్టు నవీకరించడం తప్ప దీనికి దగ్గరదారి లేదు. కేంద్రంలో సర్వర్లు మార్చి ప్రయోజనం ఉండదు.

సమస్య: తెరమీది సందేశానికి పైలట్ నోటిమాటగా జవాబిస్తున్నారు.

ఇలా చేస్తే ఆ సందేశం వ్యవస్థలో తెరిచే ఉండిపోతుంది. యూరప్ తరహా వ్యవస్థలో 120 సెకన్ల గడువు దాటగానే కంట్రోలర్‌కు హెచ్చరిక వస్తుంది. వచ్చిన మార్గంలోనే జవాబివ్వాలన్నది నియమం. సందేశాన్ని మాటలతో సరిదిద్దవలసి వస్తే, ముందు పంపినదాన్ని పట్టించుకోవద్దని కంట్రోలర్ స్పష్టంగా చెప్పి, ఆ తరువాతే కొత్త ఆదేశం ఇవ్వాలి. వ్యవధి లేని పరిస్థితిలో అసలు తెర జోలికి పోకుండా రేడియోనే వాడాలి.

సమస్య: షరతుతో కూడిన ఆదేశాన్ని విమానం వెంటనే అమలు చేసింది.

ఫలానా బిందువు వద్ద 370కి, అంటే 37,000 అడుగుల స్థాయికి, ఎక్కమని సందేశం వెళ్లింది. పైలట్ కన్ను 370 మీద పడింది, షరతు మీద పడలేదు. ఇటువంటి ఆదేశం ముందు ప్రస్తుత ఎత్తులోనే కొనసాగమనే వాక్యాన్ని చేర్చి పంపడం, కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లూ సందేశాన్ని చివరి పేజీ వరకు విడివిడిగా చదివిన తరువాతే విల్కో (ఆదేశాన్ని పాటిస్తామనే జవాబు) నొక్కడం దీనికి విరుగుడు.

ఏ సమస్యనైనా నివేదించేటప్పుడు తేదీ, యూటీసీ సమయం, విమానం రిజిస్ట్రేషన్, సందేశం పూర్తి పాఠం రాయాలి. రాత్రి డేటాలింక్ పనిచేయలేదని మాత్రమే రాసిన నివేదికతో లాగ్‌లో వెతకడానికి ఏ ఆధారమూ దొరకదు.