తూలకుండా నడవడానికి నాకు పనిచేసిన తైచీ అడుగు (నా అనుభవం)

నాకు 68 ఏళ్లు. ఏడాదిగా పక్కకు తిరిగినప్పుడల్లా తూలేదాన్ని. కాల్షియం మాత్రలు, మోకాలి పట్టీ, కొత్త చెప్పులు, రోజూ అరగంట నడక, ఏదీ ఆ తూలడాన్ని ఆపలేదు.

ఆపింది తైచీ అనే, నిదానంగా చేసే చైనావారి వ్యాయామంలోని ఒక్క కదలిక. బరువంతా ఒక కాలి మీదికి మార్చాకే, ఖాళీ అయిన రెండో కాలిని కదపాలి. నేను బరువు ఇంకా ఉన్న కాలినే తొందరపడి ఎత్తేదాన్ని.

వంటగది గట్టు పక్కన చెప్పులు లేకుండా నిలబడతాను. మోకాళ్లు కాస్త వంచి, ఊపిరి వదులుతూ, నాలుగు లెక్కపెట్టేంత నిదానంగా బరువును కుడికాలికి జరుపుతాను. కుడి అరికాలు మొత్తం నేలకు ఆనిందని, బొటనవేలి కింద కూడా ఒత్తిడి తెలిశాకే ఎడమకాలు లేపుతాను. దాన్ని ముందుకు వేసి, మొదట మడమ ఆనించి, ఆ తర్వాతే బరువు అటు పంపుతాను. చూపు ఎదురుగానే ఉండాలి, ఇది చాలా ముఖ్యం. మొదట గట్టు మీద అరచెయ్యి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత ఒక్క వేలు. రోజూ పది నిమిషాలు.

మూడో నెలలో వెలిగించిన దీపం రెండు చేతులా పట్టుకుని, గోడ ఆసరా లేకుండా పూజగదిలోకి తిరిగాను. కళ్లు చెమర్చాయి.

షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవారికి, కళ్లు తిరిగేవారికి ఇది సరిపోతుందని చెప్పలేను. ముందు డాక్టరుకు చూపించుకోండి. మొదటి రోజుల్లో పక్కన ఎవరైనా ఉండాలి.