ఇంగ్లీషు స్పెల్లింగ్ బట్టీ కొట్టకుండా, మాట ఊరు కనుక్కోవడం ఎలా

మొన్న మా పాప అడిగింది, గుర్రం మీద యుద్ధం చేసే నైట్‌కి ముందు కె ఎందుకు, మధ్యలో జి హెచ్ ఎందుకు అని. నా చిన్నప్పుడు అలా అడిగితే "అదంతే, బట్టీ కొట్టు" అనేవాళ్లు. పిల్లలకి దయచేసి అలా చెప్పకండి, జవాబు డిక్షనరీలోనే ఉంది.

ఏదైనా మంచి డిక్షనరీలో మాట తీసి, అర్థాలు దాటి కిందకి వెళ్లండి. 'ఆరిజిన్' అనో 'ఎటిమాలజీ' అనో ఒకట్రెండు లైన్లు ఉంటాయి, మనం చదవకుండా వదిలేసేవి అవే. నైట్ దగ్గర పాత ఇంగ్లీషు అని ఉంటుంది, అంటే 5వ శతాబ్దం నుంచి ఇప్పటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ వైపు నుంచి వచ్చిన ఆంగ్లులు, శాక్సన్లు బ్రిటన్‌కి తెచ్చుకున్న భాష. అప్పట్లో ఆ మాటకి కుర్రాడు, పనివాడు అని అర్థం. ముందున్న 'క్' పలికేవాళ్లు, మధ్యలో గొంతులోంచి 'ఖ్' లాంటి శబ్దం కూడా వచ్చేది. దాని చుట్టం 'క్నెఖ్ట్' జర్మన్‌లో ఇప్పటికీ ఉంది, అక్కడ రెండూ పలుకుతారు. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా కుదురుకున్నాయి, కానీ జనం నోట్లో పలుకు మారుతూనే పోయింది. పాప రాస్తున్నది పాతకాలపు పలుకు, చదువుతున్నది ఇప్పటి పలుకు, అంతే తేడా.

తర్వాత మాట ఏ గుంపుదో చూడండి. స్కై, ఎగ్, దె (వాళ్లు) లాంటివి స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల భాష నుంచి వచ్చాయి. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి వచ్చి చేరింది, ఆపైన పండితులు లాటిన్, గ్రీకు దింపుకున్నారు. అందుకే ఆస్క్ సొంత మాట, క్వశ్చన్ ఫ్రెంచిది, ఇంటరాగేట్ లాటిన్‌ది. మనకి 'అడుగు' ఉండగా సంస్కృతం నుంచి 'ప్రశ్నించు' వచ్చినట్టే.

దీనివల్ల నాకు బాగా పనికొచ్చింది సి హెచ్ సంగతి. చైల్డ్, చర్చ్ లాంటి పాత మాటల్లో అది 'చ'. షెఫ్, మెషీన్ లాగా ఫ్రెంచి నుంచి ఆలస్యంగా వచ్చినవాటిలో 'ష'. కోరస్, క్యారెక్టర్ లాంటి గ్రీకు మాటల్లో 'క'. పిల్లలతో మూడు గళ్లు గీయించి, దొరికిన మాటల్ని వాటిలో వేయించండి, వారంలో టెన్షన్ తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. ప్రతి సైలెంట్ అక్షరం ఒకప్పుడు పలికిందే అనుకోవద్దు. డెట్ అంటే అప్పు, అందులో బి ఇంగ్లీషులో ఎప్పుడూ పలకలేదు, ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చిన మాటకి, లాటిన్ 'డెబిటుమ్' గుర్తుండాలని పండితులు తర్వాత తగిలించారు.

మొదటిరోజు పిల్లలతో 'బ్యాండికూట్' వెతికించండి. ఆరిజిన్ దగ్గర తెలుగు అని ఉంటుంది, మన పందికొక్కే అది.